మనుషులు అడ్డు లేని ఫోటో

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈ నోట్‌బుక్ కార్నిస్ కొలతలు రాసుకోవడానికి కొన్నాను. కొలతలు సగంలోనే అయిపోయాయి. మిగిలిన పేజీలు దీనికి. నోటితో అంటే గొడవ అవుతుంది, రాస్తే కాదు.

మా ఫోర్‌మన్ వెంకటసత్యనారాయణ ఈరోజు మళ్ళీ అందరి ముందూ నన్ను "మా ప్లాస్టర్ మేస్త్రి" అన్నాడు. అన్న మాట అబద్ధం కాదు. పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఈ అర్దియా షెడ్డులో సీలింగు పువ్వులూ, గోడ అంచులకి లతలూ పోస్తున్నాను. కానీ మా తాతా, మా నాన్నా గోపురాల మీద బొమ్మలు చేసినవాళ్ళని అతనికి తెలుసు. మొదటి ఏడాది నేనే చెప్పుకున్నాను, బుద్ధి లేక. తెలిసీ అలా అంటాడు చూడు, అక్కడ మండుతుంది నాకు.

కొత్త పని వచ్చింది. సాల్మియాలో ఒక కువైటీ థాయ్ హోటల్ పెడుతున్నాడు. బ్యాంకాక్ నాలుగుసార్లు వెళ్ళొచ్చాడట. అక్కడ నది ఒడ్డున వాట్ అరుణ్ అని పాత గుడి ఉందట. ఆ గుడి గోపురం ఒక గోడంతా కావాలి. గుడి వాకిట్లో కాపలా ఉండే ఇద్దరు రాక్షసులు హోటల్ తలుపుకి చెరో పక్కా కావాలి. మనిషికి ఒకటిన్నర ఎత్తు.

"బొమ్మలంటే మీదేనండి బాబూ. ఎలాగోలా లాగించేద్దారి," అంటూ సత్యనారాయణ నలభై ఒక్క ఫోటోలు నా ఫోనుకి పంపాడు.

నలభై ఒక్కటీ చూశాను. ప్రతిదాంట్లో ఓనరో, ఓనర్ భార్యో, ఓనర్ పిల్లలో. రాక్షసుడి కాళ్ళ దగ్గర ఎవరో ఒకరు పళ్ళికిలించి నిలబడే ఉన్నారు. ఒకదాంట్లో కిరీటం కనిపిస్తుందేమో అనుకుంటే ఎవరిదో బొటనవేలు అడ్డం. బంగారు బుద్ధుడు పడుకుని ఉన్న గుడి ఇంకొకటి ఉంది. పడుకున్న బుద్ధుడు నలభై ఆరు మీటర్లట. ఫోటోలో కనిపించేది ఒక చెవి, ఒక కువైటీ కుటుంబం.

మనుషులు అడ్డు లేని ఫోటో ఒక్కటి కావాలని అడిగాను.

"అలాంటిదెవరు దిగుతారండీ?" అన్నాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఏ ఫోటోలోనూ రాక్షసుడి పాదాలు దొరకలేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మా ఆవిడ రెడ్డెమ్మకి సెలవు. ఆమె పనిచేసే ఇల్లు సాల్మియాలోనే. సముద్రం పక్క బెంచీ మీద కూర్చున్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె ఆ ఇంటి యజమానురాలు ఇచ్చిన ఖర్జూరాలు తెచ్చింది, నేను కోపం తెచ్చాను.

"పన్నెండేండ్లకు మొగం చేసే పని దొరికింది గదా నీకు. దానికి సంతోషపడకుండా ఆ యప్ప మీద ఏడ్చేది ఏంది?"

"మొగం చేసినాక కండ్లు గూడా పెట్టమంటాడు మే."

"పెట్టు. దానికేముండాది?"

ఆమెకి తెలియక కాదు. మా నాన్న ఎలా చేసేవాడో పెళ్ళయిన కొత్తలో ఆమె చూసింది. బొమ్మంతా అయ్యాక కళ్ళు ఆఖరున. తెల్లవారుజామున, ఏమీ తినకుండా, బంగారు సూదితో ముందు గీత గీసి. కళ్ళు తెరిచాక ఎదురుగా ముందు అద్దం చూపించాలి, తర్వాత మంచి దృశ్యం ఏదైనా చూపించాలి. ఆవునీ దూడనీ తోలుకొచ్చేవాళ్ళు. ఒకసారి కళ్ళు తెరిస్తే అది ఇక సున్నం కాదు. చేసినవాడు కూడా దాన్ని విరగ్గొట్టకూడదు. విరిగితే ఇంట్లో మనిషి పోయినట్టే మైల పట్టేవాడు నాన్న. కళ్ళు తెరవనంతవరకూ మాత్రం అది వట్టి సున్నమే, కాలితో తన్నినా తప్పులేదు.

"హోటల్లో బొమ్మకు ఆ పద్ధతులన్నీ ఎందుకబ్బా?" అంది రెడ్డెమ్మ.

అదే నేనూ అన్నాను. హోటల్ బొమ్మకి కళ్ళు తెరవను. రంగు పూస్తాను, తెరవను.

సెప్టెంబర్ 15, సోమవారం

సాల్మియాలో ఇనప చట్రాలు నేలకి వెల్డింగ్ చేసేశారు. బొమ్మలు అక్కడే నిలబెట్టి పోయాలి, షెడ్డులో చేసి తేవడానికి కుదరదు.

ఓనర్ వచ్చాడు. నన్ను పిలిచి భుజం మీద చెయ్యేసి, ఇంగ్లీషులో నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. బాగా చేస్తే చేసినవాణ్ణి బ్యాంకాక్ తీసుకెళ్తాడట. మూడు రోజులు. అసలువి చూపిస్తాడట. తర్వాత కబ్ద్‌లో తన ఫారంలో ఇంకా పెద్దవి చేయించుకుంటాడట.

సత్యనారాయణ పక్కనే నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అయినా బ్యాంకాక్! గుడి ముందు నిలబడి ఒక్కసారి పాదాలు చూస్తే చాలు నాకు. మూడు రోజులు అక్కర్లేదు, ఒక పూట చాలు.

సెప్టెంబర్ 17, బుధవారం

పాదాలు దొరికాయి!

హోటల్ వంటగదిలో నోయ్ అని ఒక థాయ్ ఆవిడ ఉంది. నా ఈడే. ఇంకా గ్యాస్ కనెక్షన్ రాలేదు, పొయ్యిలు తుడుచుకుంటూ కూర్చుంటుంది. మాట్లాడేది అరబ్బీలో పది ముక్కలు, ఇంగ్లీషులో ఇరవై. నేను పోసిన ముఖం చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"నో, నో. టీత్ అప్!"

కోరలు కిందికి దించాను, మన గోపురాల మీద ఉన్నట్టు. వాళ్ళవి పైకి తిరుగుతాయట. పాదాల సంగతి అడిగాను. ఆవిడ చీపురు తీసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, చీపురుకట్ట రెండు కాళ్ళ మధ్య నేలకి ఆనించి, దాని తల మీద రెండు చేతులూ వేసి నిటారుగా నిలబడింది. ముక్కు మొనతేలిన చెప్పులని చేత్తో గాల్లో గీసి చూపించింది. నలభై ఒక్క ఫోటోల్లో దొరకనిది ఒక చీపురుతో దొరికింది.

ఆవిడ ఇల్లు ఆ గుడి వెనక సందులోనేనట. అక్కడ ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి వీడియో తీయించింది. పచ్చటి రాక్షసుడి పేరు తోసకన్ అంది. పది తలలట, వేళ్ళు లెక్కపెట్టి చూపించింది. సీతను ఎత్తుకుపోయినవాడు. అప్పటికి నా బుర్రకెక్కింది. రావణుడు! బుద్ధుడి గుడి వాకిట్లో రావణుడు కాపలా ఉన్నాడు. మనవాళ్ళు పది తలలూ పక్కపక్కన పేరుస్తారు. వాళ్ళు కిరీటంలోకి ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. ఎంత తెలివి! పక్కకి పేరిస్తే తలుపుకి చోటుండదు కదా.

రెండోవాడు తెల్లవాడు, వెయ్యి తలలవాడట. వాడి సంగతి తర్వాత చూద్దాం.

ఇంకోటి చెప్పింది. ఆ గుడి గోపురం ఎండలో మెరిసేది రంగు వల్ల కాదట. విరిగిన పింగాణీ కంచాల ముక్కలు పువ్వుల్లా పేర్చి అతికించారట. ఎప్పుడో చైనా ఓడల్లో వచ్చిన పింగాణీ.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పికప్ డ్రైవర్ అబ్దుల్ ఖుద్దూస్ భాయ్ మా కడప మనిషే. అతనితో శుక్రవారం సంతకి వెళ్ళి అంచు పోయిన కంచాలు ఆరు డబ్బాలు తెచ్చాను. నీలం పువ్వులవి, గులాబీ రంగువి.

సాయంత్రం దాకా హోటల్ వెనక కూర్చుని సుత్తితో కొట్టాను. ఒక్కో కంచానికీ ఒక్కో మాట గుర్తు చేసుకున్నాను. "మా ప్లాస్టర్ మేస్త్రి" అనే మాటకి డజను కంచాలు అయ్యాయి. ఖుద్దూస్ భాయ్ దూరంగా జరిగి కూర్చున్నాడు.

"ఎవురినప్పా కొడ్తాండావు?"

"పనికే భాయ్. పువ్వులు చేయాల."

"సర్లే. నీ పువ్వులు నా కండ్లల్ల పడకుండా సూసుకో."

సెప్టెంబర్ 22, సోమవారం

గోపురం సగం అయింది. కంచం ముక్కలతో చేసిన పువ్వులు బల్బు వెలుగులో మెరుస్తున్నాయి. పచ్చవాడు పూర్తయ్యాడు, కళ్ళు తప్ప.

"కళ్ళు లేకుండా ఎన్నాళ్ళండీ గుడ్డాడిలాగ? స్టిక్కర్లు కొట్టించేద్దారి. తెలిసిన ప్రింటింగు షాపుంది, గంటలో ఇచ్చేత్తాడు," అన్నాడు సత్యనారాయణ.

"కండ్లకు స్టిక్కరా?"

"ఏటండి, తప్పా? కార్లకి ఏత్తన్నారు, ఆటోలకి ఏత్తన్నారు."

"నీ మొగానికి ఏపిచ్చుకోపో!"

వంటగదిలోంచి నోయ్ తొంగిచూసింది. సత్యనారాయణ మొహం ఎర్రబడింది కానీ "మీరు ఆర్టిస్టులండీ, మీకు కోపం ఉంటాది" అని నవ్వేశాడు. ఆ నవ్వే నాకు పడదు. తిట్టినా తుడుచుకుని నవ్వేవాడితో ఎలా పోట్లాడతాం?

సెప్టెంబర్ 25, గురువారం

నోయ్ ఇంటికి వెళ్ళేముందు రాక్షసుడి ముందు ఆగి రెండు చేతులూ జోడించి తల వంచింది. కళ్ళు లేని బొమ్మకి దండం ఎందుకని అరిచాను. అది జిప్సం, నార, ఇనుము. అలా చేయొద్దన్నాను.

ఆవిడకి నా కేకలు అర్థం కాలేదు. రేపు చేస్తావా కళ్ళు అని అడిగింది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

బ్రష్ ఎలా నడుస్తుందో చూద్దామని పచ్చవాడి కుడి కంట్లో ఒక చుక్క పెట్టాను. ఎడమ కన్ను బోసిగా ఉందని అందులోనూ పెట్టాను. అంతే. రంగు పని.

పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆకలి లేదు.

ఖుద్దూస్ భాయ్ బండి అద్దం తిరిగి ఇచ్చేశాను.

సెప్టెంబర్ 29, సోమవారం

ఓనర్ వచ్చి పచ్చవాడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. మాషా అల్లా అన్నాడు. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. ఎటు జరిగినా తననే చూస్తున్నాడని భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత సత్యనారాయణని అడిగాడు, చేసినవాడి పాస్‌పోర్టు ఇవ్వు, బుధవారం ప్రయాణం అని.

సత్యనారాయణ ఏం చెప్పాడో నాకు అప్పుడు వినిపించలేదు. ఖుద్దూస్ భాయ్ విన్నాడు. ఈశ్వరయ్య ఇఖామా రెన్యువల్‌లో ఉంది, దేశం దాటలేడు, డిజైన్ అంతా నాదే, అతను నేను చెప్పినట్టు పోస్తాడు అన్నాడట.

నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇంకో పద్నాలుగు నెలలుంది.

కార్డు పట్టుకుని పరుగెత్తాను. ఓనర్ కారు వెళ్ళిపోయింది. సత్యనారాయణ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఏం చెప్పినావు నువ్వు ఆయప్పకు? నా ఇఖామాకేమైంది? సూడు! కండ్లు తెరిసి సూడు!"

"గోల పెట్టకండీ బాబూ. తెల్ల బొమ్మ ఎవరు చేత్తారు మరి? మీరు ఎల్తే పనాగిపోద్ది. మీకోసవే చెప్పానండి. నేను ఎల్లి మంచి ఫోటోలు తెత్తాను, చూసుకుందురు గాని."

చేతిలో తాపీ ఉంది. విసరలేదు. ఎందుకు విసరలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

అక్టోబర్ 1, బుధవారం

వెళ్ళాడు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. పక్క గదిలో యూపీ వాళ్ళు ఫోనులో రావణుణ్ణి తగలబెట్టడం చూస్తూ ఈలలు వేస్తున్నారు. తలుపేసుకున్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

సత్యనారాయణ స్టేటస్‌లు పెడుతున్నాడు. రాజుగారి కోట ముందు సత్యనారాయణ. మరకత బుద్ధుడి గుడి బయట సత్యనారాయణ. ఆ ప్రాకారం గోడ పొడుగునా రామాయణం బొమ్మలున్నాయని నోయ్ చెప్పింది. నాకు కనిపించింది హనుమంతుడి తోక, సత్యనారాయణ పొట్ట. పడుకున్న బుద్ధుడి అరికాళ్ళలో ముత్యపుచిప్పతో నూట ఎనిమిది గుర్తులు పొదిగారట. అవి ఒక్కటి తీసి పంపమని మెసేజ్ పెట్టాను. రాక్షసుడి పాదాలు దగ్గర్నుంచి, మనుషులు లేకుండా, ఒక్కటి పంపమన్నాను. నీ కాళ్ళు పట్టుకుంటాను అని కూడా రాశాను. ఆ మాట రాసినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

జవాబుగా ఒక ఫోటో వచ్చింది. మూడు చక్రాల టుక్‌టుక్ బండిలో ఓనరూ, అతనూ, ఇద్దరూ బొటనవేళ్ళు పైకెత్తి.

రెడ్డెమ్మకి చూపించాను. "నువ్వు ఎంత చేసినా వాని పొట్టే అడ్డం వస్తాది," అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

అక్టోబర్ 7, మంగళవారం

వచ్చారు. మూడు రోజులన్నది ఆరు రోజులైంది. సత్యనారాయణ నాకు కీచైన్ తెచ్చాడు. ఏనుగు బొమ్మది. నేలకేసి కొట్టాను, విరగలేదు.

డిజైన్ మారిపోయిందట. అక్కడ ఓనర్ చూసుకొచ్చాడట, జనం గుడి దగ్గరకంటే టుక్‌టుక్ దగ్గర ఎక్కువ ఫోటోలు దిగుతున్నారట. తలుపు పక్కన పచ్చవాడి స్థానంలో ఫైబర్ టుక్‌టుక్ కావాలి, కింద రెండడుగుల దిమ్మె, ఎక్కడానికి మెట్టు. తెల్లవాడి చోట నియాన్ లైట్లతో హోటల్ పేరు. గోపురం ఉండొచ్చు, ఫోటోల్లో వెనకాల బాగుంటుంది.

"రాక్షసుడి దగ్గర కూచోడానికి ఏముందండీ? టుక్‌టుక్ అయితే కుటుంబం అంతా కూచుంటారు. ఓనర్‌కి ఐడియా నేనే ఇచ్చానండి," అన్నాడు, మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు.

పచ్చవాణ్ణి ఎక్కడికైనా మారుద్దామన్నాను. కబ్ద్ ఫారంకి తీసుకెళ్దామన్నాను. చట్రం నేలకి వెల్డింగ్ చేసి ఉంది, కోస్తే నార జిప్సం ఎక్కడికక్కడ పగిలిపోతుంది, పైగా పదహారో తేదీ ఓపెనింగ్. ఖలాస్, కొట్టేయడమే అన్నాడు.

"ఎవురు కొడ్తారు?"

"మీరేనండీ. మీ చేత్తో అయితే నీట్‌గా వస్తాది."

అక్టోబర్ 8, బుధవారం

సెప్టెంబర్ 26న నేను రాసింది అబద్ధం. నా నోట్‌బుక్‌లో నాకే అబద్ధం రాసుకున్నాను.

బ్రష్ చూద్దామని కాదు. గురువారం నోయ్ దండం పెట్టాక నిద్ర పట్టలేదు. శుక్రవారం తెల్లవారుజామున, ఫజర్ నమాజుకి ముందు ఖుద్దూస్ భాయ్ బండిలో సాల్మియా వెళ్ళాను. అతను మసీదుకి వెళ్ళాడు. నేను వంటగది కుళాయి కింద స్నానం చేశాను. బంగారు సూది లేదు. రెడ్డెమ్మ ముక్కుపుడక మెలి ఊడిపోయిందని అతికించమని నాకిచ్చింది, దాని మొనతో గీత గీశాను. తర్వాత రంగు. నాన్న చేసినట్టే ముందు కుడి, తర్వాత ఎడమ.

అద్దం కోసం బండి అద్దం పీకాను. అది ముందే ఊడిపోయి టేపుతో అంటించి ఉంది. ఆవూ దూడా ఎక్కడి నుంచి తెస్తాను? నోయ్ చెల్లెలు తీసిన వీడియో చూపించాను. నది, పడవలు, మెట్లు, వాడి ఇల్లు. ఆ వీడియోలోనూ టూరిస్టులు అడ్డం వస్తూనే ఉన్నారు. ఏం చేయను? అదే ఉంది నా దగ్గర.

వాడు చూశాడు.

పన్నెండేళ్ళు ముఖం లేని పువ్వులు పోసి పోసి, ఒక్క ముఖం చేతికి వస్తే ఆగలేకపోయాను. నాన్న హోటల్లో కళ్ళు తెరిచేవాడా? తెరవడు. నేను తెరిచాను. తప్పు నాదే. కానీ కొట్టమంటున్నది సత్యనారాయణ! ఇప్పుడు నా చేత్తో నేను ఎలా కొడతాను? నేను కొట్టకపోతే గునపాలతో ఎవరో వచ్చి ముఖం మీదే కొడతారు. అదెలా చూస్తాను?

అక్టోబర్ 10, శుక్రవారం

రెడ్డెమ్మకి అంతా చెప్పాను. బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"రావణాసురునికి కండ్లు తెరిసినావా? నా ముక్కుపుడకతో?"

పక్క బెంచీ ఫిలిప్పీన్ అమ్మాయిలు మా వైపు తిరిగారు. రెడ్డెమ్మ తిట్టిన తిట్లు రాయను. నాకు తగినవే. తిట్టి తిట్టి అలసిపోయి కూర్చుంది. తర్వాత, కోపంగానే అంది.

"మీ నాయన మన పక్కూరి శివాలయంలో చేసినాడు గదా, గోపురం మూడో అంతస్తులో. కైలాసం కింద రావణుడు. అంత కొండ నెత్తిన పడినా ఆ యప్ప కండ్లు మూసుకున్యాడా? నీకేమో టుక్‌టుక్ పడ్తాండాది, దానికే ఏడుస్తాండావు."

కొండ కింద ఉండగలిగినవాడు టుక్‌టుక్ కింద ఉండలేడా?

నాన్న చెప్పింది విరగ్గొట్టకూడదని. చోటు మార్చకూడదని చెప్పలేదు.

అక్టోబర్ 11, శనివారం

నేనే పని చేస్తానని సత్యనారాయణకి చెప్పాను. కొట్టడమూ నేనే, దిమ్మె కట్టడమూ నేనే, మధ్యలో ఎవరూ రాకూడదు అన్నాను. "అదీ మాటండీ! ఇన్నాళ్ళకి లైన్లోకొచ్చారు," అని భుజం తట్టాడు. తట్టించుకున్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

వాళ్ళు బ్యాంకాక్‌లో ఉండగా నేను పోసిన తెల్లవాణ్ణి మొదట కొట్టాను. వాడికి కళ్ళు పెట్టలేదు, వాడు వట్టి జిప్సం. అయినా చెయ్యి నొప్పి పుట్టింది.

పచ్చవాడి దగ్గరికి వచ్చేసరికి నోయ్ వంటగది తలుపు దగ్గర నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. నన్ను తిట్టింది, వాళ్ళ భాషలో. అర్థం కాకపోయినా తిట్టే అని తెలుస్తుంది. నేను సుత్తి కింద పెట్టి, రంపం చూపించి, చెవుల వెనక నుంచి గీత గీసి చూపించాను. ముఖం వరకే. కిరీటం పోతుంది, ఒళ్ళు పోతుంది, ముఖం నిలుస్తుంది. దిమ్మె లోపల ఉంటుంది.

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని వెళ్ళి ఇరవై కిలోల బియ్యం బస్తా ఈడ్చుకొచ్చింది. కింద పరిచాం. కోస్తున్నంతసేపూ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మూడు గంటలు పట్టింది. నార పీచు దగ్గర ఒకసారి పటుక్కుమంది, రంపం ఆపి చూశాను. కుడి చెవి అంచు ఒకటే పోయింది.

"ఐ ఓపెన్?" అంది నోయ్, తన కళ్ళు చూపించి.

ఓపెన్ అన్నాను.

పాదాలు చివరన కొట్టాను. చీపురుతో నేర్పిన పాదాలు. అవి కొట్టేటప్పుడు మాత్రం ఏడ్చాను. సత్యనారాయణ తెచ్చే ఫోటోల కోసం ఎదురు చూశాను చూడు, ఆ సిగ్గుకి కూడా కలిపి ఏడ్చాను.

అక్టోబర్ 14, మంగళవారం

దిమ్మె అయిపోయింది. లోపల ముఖం నిటారుగా, వీధి తలుపు వైపు తిరిగి ఉంది. దిమ్మె ముందు పలకలో రెండు కన్నాలు పెట్టాను, చిన్నవి, నా బొటనవేలు పట్టేంత.

"ఆ బెజ్జాలేంటండీ?" అన్నాడు సత్యనారాయణ.

"జిప్సం లోపల ఆరాల గదప్పా. గాలి ఆడకపోతే బూజు పడ్తాది."

"ఆహా," అన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి నా పని గురించి నేను చెప్పింది నమ్మాడు. అదే అబద్ధం.

టుక్‌టుక్‌లో నవ్వుతూ కూర్చునే డ్రైవర్ బొమ్మ కూడా కావాలట. ముఖాలు మీరు బాగా చేత్తారు కదండీ అన్నాడు. ముఖం లేకుండా మొండెం పోసి ఇచ్చాను. మరి మొహం ఎక్కడ అని అతను అడిగితే, ప్రింటింగు షాపులో స్టిక్కర్ వేయించుకోమన్నాను. నిజంగానే వేయించాడు!

అక్టోబర్ 20, సోమవారం

అర్దియాలో మళ్ళీ కార్నిసులు. మధ్యాహ్నం సాల్మియా హోటల్లో పగిలిన టైలు అతికించడానికి పంపారు.

లోపలికి అడుగు పెడితే టుక్‌టుక్ ముందు క్యూ. దిమ్మె దగ్గర చిన్న పళ్ళెంలో ఇంత అన్నం, ఒక పువ్వు, స్ట్రా వేసిన ఎర్ర ఫాంటా సీసా. నోయ్ రోజూ తలుపులు తెరిచేముందు పెట్టి, దండం పెట్టుకుని వెళ్తుందట. వాళ్ళ దేశంలో కాపలా ఉండేవాళ్ళకి అలాగే పెడతారట. వచ్చినవాళ్ళు అది చూసి వీడియోలు తీసి పెట్టారు. థాయ్ వాళ్ళు టుక్‌టుక్‌కి పూజ చేస్తారని. దానికోసమే జనం వస్తున్నారు. ఓనర్ సంతోషం పట్టలేక పక్కన బోర్డు కూడా పెట్టించాడు. సత్యనారాయణ బ్యాంకాక్ వెళ్ళొచ్చినవాడు కదా, ఒక తెలుగు కుటుంబాన్ని దిమ్మె ముందు నిలబెట్టి వివరిస్తున్నాడు.

"చాలా పురాతనమైన ఆచారమండీ ఇది. అక్కడ వీధివీధినా చేత్తారు. నేను కళ్ళారా చూశాను."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాంతోపాటు నవ్వూ వచ్చింది. టైల్ అక్కడే పెట్టి గోడ వైపు తిరిగి నవ్వాను.

వంటగదిలోంచి నోయ్ వచ్చి తన ఫోన్ చూపించింది. చెల్లెలు పంపిందట, ఈరోజు పొద్దున్న, గుడి గేట్లు తెరవకముందే, లోపల ఊడ్చే ఆవిడని బతిమాలి తీయించిందట. వాట్ అరుణ్. మెట్లు. పచ్చవాడు, కిరీటం కొస నుంచి పాదాల దాకా. ఒక్క మనిషి లేడు. మొనతేలిన చెప్పులు కనిపిస్తున్నాయి. కుడి చెప్పు మొన నేను తిప్పినదానికంటే ఇంకొంచెం పైకి ఉంది. తప్పు చేశాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం? అయినా నోట్‌బుక్ తీసి ఆ వంపు గీసుకున్నాను.

తర్వాత నోయ్ ఫోన్ తీసుకుని దిమ్మె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు కన్నాల ఎదురుగా ఫోన్ పట్టుకున్నాను. చూసుకో అన్నాను. మొదటిరోజు జనం గుంపు చూపించాను, ఇదిగో ఇప్పుడు నీ ఇల్లు మాత్రమే ఉంది, చూసుకో.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. సత్యనారాయణ.

"కాస్త పక్కకి జరగండీ ఈశ్వరయ్య గారూ. ఫోటోకి అడ్డం వత్తన్నారు."

జరగలేదు.